పునీత సీమోనువారి తప్పొప్పులు

పెడన,
14 నవంబరు 1995.

నా పుస్తకం కూర్చిన కంపోజిటరు గారికి,

పుస్తకాల కట్టలు నిన్న బస్సులో దిగాయి. నేను ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. జీవితంలో రాసింది ఈ ఒక్క పుస్తకం. సోషలిజం అనే మాట ఇంకా జనం నోట పడకముందే, మనుషులంతా సమంగా బతికే లోకాన్ని కలగన్న ముగ్గురి కథ అది. స్కాట్లండులో నూలుమిల్లు నడిపిన ఓవెన్ ఒకడు. ఫ్రాన్సులో వర్తకుల దగ్గర గుమాస్తాగిరీ చేసిన ఫూరియే ఇంకొకడు. మూడోవాడు ఆ దేశపు ప్రభువంశంలో పుట్టిన సెం సిమో.

సెం సిమో అనేది ఆయన ఇంటిపేరండీ. మీరు దాన్ని "పునీత సీమోనువారు" చేశారు. ఒకచోట కాదు, నలభై ఒక్క చోట్ల. మిగతా ఇద్దరూ "అన్నాడు" అంటుంటే ఈయనొక్కడే "సెలవిచ్చారు". రేపు ఎవరైనా ఈయన పేర కొవ్వొత్తి వెలిగిస్తే ఆ పుణ్యం మీదా, నాదా?

జవాబు రాయండి.

మహమ్మద్ మునీర్


విజయవాడ, గవర్నరుపేట,
20 నవంబరు 1995.

మునీర్ మాస్టారికి, కంపోజిటరు బాలశౌరి నమస్కారాలు.

మీ పుస్తకం కూర్చింది నేనే. ఆ నలభై ఒక్క తప్పులూ నావే. ప్రెస్సులో నాతోపాటు ఆమోసు అని ఇంకో కంపోజిటరు ఉన్నాడు. అతనికి ఇందులో పాపం లేదు. అతను బాప్టిస్టు సంఘం మనిషి. "మాలో పునీతుల గొడవే లేదు బాబాయ్, కాపీ నా చేతికొచ్చుంటే ఉత్త సీమోను అనేవాణ్ని" అని నవ్వుతున్నాడు. మా ఇంట్లోవాళ్లం గుణదల విచారణలోని, అంటే అక్కడి గుడి కిందికొచ్చే కతోలికులం. మాకు పునీతులు, అంటే గుళ్లో కొలుచుకునే మహాత్ములు, చాలామంది ఉన్నారు. అదే కొంప ముంచింది.

ఎలా జరిగిందో చెప్తాను. మీ కాపీలో, అంటే మీరు రాసిచ్చిన ప్రతిలో, "సెం" పక్కన చుక్క ఉంది. అది సిరా చుక్కో, పెట్టిన చుక్కో నాకు తేలలేదు. మా పిల్లలు చదివిన కాన్వెంటు పేరులో మొదటి మాట సెంటు, అంటే పునీత. దాన్నీ, బైబిల్లోని సీమోను పేరునీ మీరు కుదించి రాశారనుకున్నాను. అయినా అనుమానం పోక ముందుకు చదివాను. ఆయన గొప్పింట్లో పుట్టి ఉన్నదంతా పోగొట్టుకున్నాడని, మనుషులంతా అన్నదమ్ముల్లా ఉండాలని, అందరికంటే పేదలైనవాళ్ల బతుకు ముందు బాగుపడాలని చెప్పాడని, చివరి రోజుల్లో క్రీస్తు ప్రేమ గురించి రాశాడని మీరే రాశారు. ఇంక పునీతుడు కాకపోతే మరెవరు మాస్టారూ? పునీతుణ్ని "అన్నాడు" అనడానికి చెయ్యి రాలేదు. అందుకని "సెలవిచ్చారు" అని పేర్చాను. చేసింది తప్పే. కాపీలో ఉన్నది పేర్చడమే మా పని. ఈ ఇరవయ్యారేళ్లలో ఇలా ఎప్పుడూ చెయ్యలేదు.

తప్పు సంగతి అలా ఉంచితే ఒక మాట చెప్పుకోవాలి. మేం చదువుతూ పేరుస్తాం గానీ చదివింది మాకు ఎక్కదు. ఒక్కో అక్షరం తీసి తలకిందులుగా పేర్చుకుంటూ పోయేవాడికి వాక్యం ఎక్కడ ఎక్కుతుంది? మీ పుస్తకం మాత్రం ఎక్కింది. కరువొస్తే గానీ ధర పలకదని దాచిన బియ్యాన్ని, అవి పాడయ్యాక మార్సేయి రేవులో సముద్రంలో పారబోయించిన చోటు ఉంది చూడండి. ఆ పని దగ్గరుండి చేయించిన గుమాస్తా ఫూరియేనే అని మీరు రాసినప్పుడు నేను అక్షరాలు పేర్చే స్టిక్కు కింద పెట్టేశాను. మా అమ్మ కోతలయ్యాక పొలాల్లో రాలిన వెన్నులు ఏరుకొచ్చి మమ్మల్ని సాకింది.

మీరు కార్డు మీద రాశారు. దాన్ని మా యజమాని రామకోటేశ్వరరావు గారు ముందు చదివారు. అది వేరే సంగతి లెండి.

మన్నించమని అడుగుతున్నాను.

బాలశౌరి


పెడన,
2 డిసెంబరు 1995.

బాలశౌరి గారికి,

మీ ఉత్తరం అందేదాకా కోపంగానే ఉన్నాను. ఉత్తరం సగం అయ్యేసరికి నవ్వొచ్చింది. మా అమ్మాయి ఫరహత్ చదివి వినిపిస్తూ "అబ్బాజాన్, ఈయన చెప్పింది వింటే తప్పు మీ కాపీలో, ఒప్పు ఈయన పుస్తకంలో ఉన్నట్టుంది" అంది. ఇక్కడి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు తను. నా పక్షం ఎప్పుడూ పట్టదు.

ఆయన పునీతుడు కాడండీ. మంచివాడే గానీ మామూలు మనిషి. కుర్రతనంలో "లేవండి ప్రభూ, ఇవాళ మీరు గొప్ప పనులు చెయ్యాలి" అని చెప్పి తనను నిద్ర లేపమని నౌకరుకి ఆజ్ఞ ఇచ్చాడట. ఏ పునీతుడైనా అలా లేపించుకుంటాడా? మీరు విచారణ గురువును అడిగి చెప్పండి. కానీ మీరన్న మాట, అందరికంటే పేదలైనవాళ్లు ముందు బాగుపడాలన్నది, ఆయన నిజంగా పట్టుకుని వదలని మాట. అది మీకు ఎక్కిందంటే నా పుస్తకం వృథా పోలేదు. మాస్టర్లలో ఇద్దరికి ఇచ్చాను. ఒకాయన అట్ట బాగుందన్నాడు.

ఫూరియే గురించి ఇంకొంచెం చెప్తాను. మీరు అడగలేదు గానీ పాఠం చెప్పే అలవాటు పోలేదు. పదహారు వందల పైచిలుకు మంది ఒకేచోట ఉండి, ఎవరికి ఇష్టమైన పని వాళ్లు చేసుకునే ఊరు ఒకటి కట్టాలని ఆయన కల. దాన్ని కట్టించే శ్రీమంతుడి కోసం ప్రకటన ఇచ్చి, ఏళ్ల తరబడి రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఇంట్లో కనిపెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడు వాళ్లు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. రిటైరయ్యాక నవ్వు రావడం లేదు.

మీ యజమాని కార్డు చదివారన్నారు. చదివి ఏమన్నారు? "వేరే సంగతి" అని తప్పించారు. ఏమిటా సంగతి?

మహమ్మద్ మునీర్

(బాలశౌరి గారూ, నేను ఫరహత్‌ని. అబ్బాజాన్ చెప్పింది చెప్పినట్టు రాయడం నా పని. మీరు కూడా అలాగే చేసి ఉంటే ఇంట్లో మూడు రోజులు మాకు అన్నం సయించేది.)


విజయవాడ, గవర్నరుపేట,
15 డిసెంబరు 1995.

మాస్టారికి నమస్కారాలు. ఫరహత్ గారికి కూడా.

ఫరహత్ గారి మాట ఆమోసుకి చదివి వినిపించాను. రోజంతా నన్ను అదే మాటతో ఏడిపించాడు.

మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఉగాదికి మా ప్రెస్సులోకి కంప్యూటర్లు వస్తున్నాయి. చేత్తో కూర్చే పని ఇంక ఉండదు. గడుల్లో సీసం అక్షరాలుండే కేసులన్నీ అమ్మేస్తారు, ఆ సీసం కరిగించడానికి. ఆమోసు కుర్రవాడు, బందరు రోడ్డులో సాయంత్రాలు వెళ్లి కీబోర్డు నేర్చుకున్నాడు. అతనికి భయం లేదు. నాకు యాభై రెండు. వేళ్లకు సీసం అలవాటైపోయింది, ఆ మీటలు నా మాట వినవు. ప్రెస్సులో ప్రూఫులు చూసే సుబ్బరత్నం గారు నిరుడు కాలం చేశారు. అప్పట్నుంచీ ప్రూఫులు రాసినవాళ్లకే పంపుతున్నాం. మేడ మీద ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. "కేసులు పోయాక పైకి వచ్చి ప్రూఫులు చూసుకో బాలశౌరీ" అని యజమాని గారు దసరాకి మాటిచ్చారు.

మీ కార్డు చదివాక పిలిచారు. కోప్పడలేదు. "ఉన్నది ఉన్నట్టు కూర్చలేనివాడివి, ఇంకొకళ్ల తప్పులు ఏం పట్టుకుంటావురా?" అన్నారు. ఉగాది లోపల ఆలోచించి చెప్తానన్నారు. ఆ కుర్చీ లేకపోతే నాకు ఈ ఊళ్లో వేరే పని లేదు, ఎందుకంటే మిగతా ప్రెస్సులవాళ్లు కూడా కంపోజిటర్లను పంపేస్తున్నారు. ఇదీ సంగతి.

మీరు దీని గురించి మనసు కష్టపెట్టుకోవద్దు. తప్పు జరిగింది, మీరు అడిగారు. అడగడం మీ హక్కు.

ఈ మధ్య ఓవెన్ గారి అధ్యాయం మళ్లీ చదివాను. అమెరికా నుంచి దూది రావడం ఆగిపోయి మిల్లు నాలుగు నెలలు మూతపడితే, పని లేకపోయినా అందరికీ జీతాలు ఇచ్చాడని రాశారు. రెండేళ్ల పిల్లలకు కూడా బడి పెట్టాడని, వాళ్లను కొట్టొద్దని పంతుళ్లకు చెప్పాడని రాశారు. ఇవన్నీ నిజంగా జరిగినవేనా మాస్టారూ? పుస్తకంలో మీరు వాళ్లను కలలు కన్నవాళ్లు అన్నారు. ఇది కల కాదు కదా. ఒక మనిషి ఒక ఊళ్లో చేసి చూపించిన పని. ఆ అధ్యాయం మా యజమాని గారి బల్ల మీద తెరిచిపెట్టి వద్దామా అని ఆమోసు అన్నాడు. ఊరుకోమన్నాను.

క్రిస్మస్ దగ్గరికొచ్చింది. మీ ఇంట్లో అందరూ బాగుండాలని కోరుతున్నాను.

బాలశౌరి


పెడన,
4 జనవరి 1996.

బాలశౌరి గారికి,

మీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. జవాబు రాయడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు చెప్పేది ఫరహత్‌కి కూడా తెలియదు. రాస్తూ తనూ ఇప్పుడే వింటుంది.

ప్రూఫులు మీరు నాకు పంపారు. నూట ఇరవై ఎనిమిది పేజీలూ పంపారు. ఎనిమిది రోజులు నా దగ్గర పెట్టుకుని, ఆఖరి పేజీలో "ముద్రించవచ్చు" అని సంతకం పెట్టి పంపాను. అందులో ఒక్క పేజీ కూడా నేను చదవలేదు. నాకు కనపడదండీ, ఆ నలభై ఒక్కటీ ఫరహత్ పుస్తకం తిరగేసి లెక్కపెట్టి చెప్పినవే. రెండేళ్లుగా రెండు కళ్లకూ శుక్లాలు. ఫరహత్ బడికి వెళ్లేటప్పుడు ప్రూఫులు ఒళ్లో పెట్టుకుని, భూతద్దం పట్టుకుని కూర్చునేవాణ్ని. తను వచ్చే వేళకి ఇంకో ఇరవై పేజీలు తిప్పి ఉంచేవాణ్ని. తనను చదవమని అడగొచ్చు. అడిగితే ఎంత కనపడటం లేదో తెలిసిపోతుంది, ఆపరేషను అంటుంది. నాకు ఆపరేషనంటే భయం. నా అన్నకు కన్ను అలాగే పోయింది.

(ఇక్కడ కొంచెంసేపు రాయడం ఆపేశాను. క్షమించండి. ఫరహత్)

కాబట్టి తప్పు మొదట మీ చేతిలో జరిగినా, దాన్ని అచ్చుకు పంపింది నా సంతకం. ఆ సంతకం ఉండగా మీ యజమాని మిమ్మల్ని ఒక్క మాట అనడానికి వీల్లేదు. ఆ సంగతి మీకు మొదటి రోజు నుంచీ తెలుసు. నా కార్డు చూపించి మిమ్మల్ని అడిగినప్పుడు "మాస్టారు ప్రూఫు పాసు చేశారండీ" అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. మీరు అనలేదు. నాకు రాసిన రెండు ఉత్తరాల్లోనూ ఆ మాట లేదు. ఎందుకు లేదు?

కార్డు మీద రాశాను చూడండి, అది తలుచుకుంటే సిగ్గుగా ఉంది. నలుగురూ చదవాలనే కార్డు మీద రాశాను. నా కోపం అందరికీ తెలియాలి, నా తప్పు ఎవరికీ తెలియకూడదు. రామకోటేశ్వరరావు గారికి ఉన్నదంతా రాసేస్తాను.

మునీర్


విజయవాడ, గవర్నరుపేట,
19 జనవరి 1996.

మాస్టారికి,

ఎందుకు లేదని అడిగారు. మీకు కనపడదని నాకు తెలుసు కాబట్టి.

కాపీ చూసి పనిచేసేవాడికి రాసినవాళ్ల చెయ్యి బాగా తెలుస్తుంది మాస్టారూ. ఓవెన్ అధ్యాయంలోనూ, సీమోను గారి అధ్యాయంలోనూ మీ గీతలు తిన్నగా ఉన్నాయి. బోర్డు మీద రాసి రాసి అలవాటైన చెయ్యి. ఫూరియే దగ్గరకొచ్చేసరికి వరసలు కుడివైపుకి జారడం మొదలైంది. చివరి అధ్యాయంలో ఒక వరస మీద ఇంకో వరస ఎక్కింది. కొన్నిచోట్ల పెన్నులో సిరా అయిపోయినా మీరు రాస్తూనే పోయారు. కాగితం మీద ఒత్తుడు తప్ప అక్షరం లేదు. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని ఆ ఒత్తుళ్లు చదివాను. అలా చదివిన మాటలు మూడు పేజీల దాకా ఉంటాయి. అవి సరిగ్గానే వచ్చాయని ఫరహత్ గారు చదివి చెప్తే సంతోషిస్తాను.

మీ ప్రూఫులు తిరిగి వచ్చినప్పుడు ఒక్క గీత కూడా లేదు. ఒక్క దిద్దుబాటు లేకుండా ప్రూఫు పంపిన రచయిత ఈ ఇరవయ్యారేళ్లలో లేడు. చదవలేదని అప్పుడే అర్థమైంది. నేను ఆదివారం బస్సెక్కి పెడన వచ్చి, మీ ఎదురుగా కూర్చుని మొత్తం చదివి వినిపించి ఉండాల్సింది. సీమోను గారి దగ్గర మీరు ఎగిరిపడేవారు, అక్కడే తేలిపోయేది. పెద్దవారు దాచుకున్న సంగతి నాకెందుకని మొహమాటపడ్డాను. అదే నేను చేసిన అసలు తప్పు.

యజమాని గారికి ఇప్పుడే ఏమీ రాయొద్దు. నా కుర్చీ కోసం మీ కళ్ల సంగతి నలుగురికీ తెలియడం నాకు ఇష్టం లేదు. ముందు ఆపరేషను చేయించుకోండి. ఇప్పుడు పూర్వంలా కాదు. మా ఇంటిదానికి పోయినేడు ఇక్కడే చేశారు, మూడో రోజుకి బియ్యంలో రాళ్లు ఏరింది. తారీకు చెప్పండి, బస్టాండుకి వస్తాను.

మీకు కోపం వచ్చినా ఒకటి చెప్తాను. ఫరహత్ గారు రాయడం ఆపేశారన్న చోట కాగితం తడిసి ఆరింది. ఆ అమ్మాయి కోసమైనా రండి.

బాలశౌరి


పెడన,
15 మార్చి 1996.

తమ్ముడు బాలశౌరికి,

నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడివి, ఇకమీదట ఇలాగే పిలుస్తాను. ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను. వరసలు తిన్నగా ఉన్నాయో లేదో నువ్వే చెప్పాలి.

ఆసుపత్రిలో నాలుగు రోజులూ కట్టుతోనే ఉన్నాను కాబట్టి నీ గొంతు విన్నాను గానీ నీ మొహం చూడలేదు. పొద్దున్నే ఇడ్లీ తెచ్చేవాడివి. చెయ్యి పట్టుకుని బాత్‌రూముకి తీసుకెళ్లేవాడివి. నీ వేళ్ల దగ్గర సీసం వాసన వచ్చేది. కట్టు విప్పే రోజున నీకు పనికి సెలవు దొరకలేదు. పోనీలే, ఇప్పుడు ఒక కన్ను ఉంది, ఎప్పుడైనా చూస్తాను. నువ్వు చేసిన దానికి కృతజ్ఞత చెప్పడం నాకు చేతకాదు. పాఠాలు చెప్పేవాడికి అది తప్ప మిగతావన్నీ వస్తాయి. అయినా చెప్తున్నాను. నీ రుణం నేను తీర్చుకోలేను తమ్ముడూ.

కళ్లద్దాలు వచ్చాక మొట్టమొదట చదివింది నా పుస్తకమే. నీ ఒత్తుళ్ల పేజీలు చూశాను. ఒక్క మాట పొల్లుపోలేదు. తర్వాత డెబ్బై నాలుగో పేజీకి వచ్చాను.

సెం సిమో ఆస్తంతా పోయి, ఒక తాకట్టు కార్యాలయంలో కాగితాలకు నకళ్లు రాసుకుని బతికిన రోజులున్నాయి. అప్పుడు ఆయన పాత నౌకరు దియార్ ఆయన్ను వీధిలో చూసి, తన ఇంటికి తీసుకెళ్లి, తను చనిపోయేదాకా తిండి పెట్టాడు. ఆయన రాసిన పుస్తకాన్ని తన సొమ్ముతో అచ్చు వేయించాడు. అచ్చులో ఇలా ఉంది: "దియార్ దగ్గర పెద్దగా ఏమీ లేదు. అయినా ఆయన తన పూర్వపు యజమానిని ఇంటికి తీసుకువెళ్లారు." చదివి ఆగిపోయాను. నేను అలా రాసిన గుర్తు లేదు. ఫరహత్ చేత పెట్టెలోంచి రాతప్రతి తీయించాను. నా దస్తూరీలో స్పష్టంగా ఉంది. "వాడి దగ్గర పెద్దగా ఏమీ లేదు. అయినా వాడు తన పూర్వపు యజమానిని..." ఆ పేరాలో వాడు, వాడు, వాడు అని ఆరుసార్లు రాశాను.

ప్రభువుకి ఆయన అన్నాను. మిల్లు యజమానికి ఆయన అన్నాను. ఆ ముగ్గురిలో ఒకడిని తిండి పెట్టి బతికించిన మనిషిని వాడు అన్నాను. మనుషులంతా సమానమని చెప్పే పుస్తకంలో అన్నాను. మా నాన్న ఈ ఊళ్లోనే అద్దకం పనిచేసేవాడు. బట్ట మీద అచ్చులు వేసి వేసి అరచెయ్యి మొద్దుబారిపోయింది. పదేళ్ల షావుకారు కొడుకు కూడా ఆయన్ను "ఏరా" అనేవాడు. అది విన్న రోజునే నేను చదువుకోవాలనుకున్నాను. చదువుకున్నాను, పాఠాలు చెప్పాను, ఆ చదువుతోనే దియార్‌ని వాడు అని రాశాను. కళ్లు బాగున్న రోజుల్లో రాసిన పేజీ అది.

నువ్వు ఆ ఆరూ దిద్దావు. దిద్ది, నలభై ఒక్క తప్పులకు క్షమాపణ చెప్పుకున్నావు గానీ ఇది మాత్రం చెప్పలేదు. చెబితే నేను సిగ్గుపడతానని చెప్పలేదని నాకు తెలుసు.

రామకోటేశ్వరరావు గారికి ఇవాళే రాస్తున్నాను. నువ్వు వద్దన్నా రాస్తున్నాను. ప్రూఫు చదవకుండా సంతకం పెట్టానని, కళ్లు లేక పెట్టానని, డెబ్బై నాలుగో పేజీతో సహా మొత్తం రాస్తున్నాను. తప్పు చేసి ఒప్పుకున్నవాడు, ఎదుటివాడి తప్పు కనిపిస్తే వాణ్ని నొప్పించకుండా దిద్దేవాడు ప్రూఫులు చూడ్డానికి పనికిరాకపోతే ఇంకెవరు పనికొస్తారని అడుగుతున్నాను. దాంతోపాటు ప్రతి పుస్తకంలోనూ పెట్టడానికి తప్పొప్పుల కాగితం ఒకటి పంపుతున్నాను. దాన్ని నువ్వే కూర్చాలని షరతు పెట్టాను.

మునీర్


విజయవాడ, గవర్నరుపేట,
23 మార్చి 1996.

అన్నయ్య గారికి, బాలశౌరి నమస్కారాలు.

మీ వరసలు తిన్నగా ఉన్నాయి. రెండో పేజీ అడుగున కొంచెం పైకి ఎక్కాయి, అది కన్ను వల్ల కాదు, కోపం వల్ల.

మీ ఉత్తరం చేరిన రోజున యజమాని గారు నన్ను పిలవలేదు. మర్నాడు కూడా పిలవలేదు. మూడో రోజు ఉగాది. మేడ మీదికి కంప్యూటర్లు ఎక్కిస్తున్నారు, కొబ్బరికాయ కొట్టారు. అందరూ ఉండగా ఆయన మీ పుస్తకం చేత్తో పట్టుకుని కిందికి దిగి, నా కేసు దగ్గరికొచ్చారు. "డెబ్బై నాలుగు ఏదిరా?" అన్నారు. తీసి చూపించాను. నిలబడి పేజీ అంతా చదివారు. ఆయనది మెల్లగా చదివే అలవాటు. తర్వాత మీ రాతప్రతిలో అదే పేజీ తెమ్మన్నారు. అది పెడనలో ఉందండీ అన్నాను.

"మా నాన్న దగ్గర పాలేరు ఉండేవాడు, బుడ్డయ్యని. నన్ను భుజాల మీద మోసేవాడు. వాడు అనే అనేవాణ్ని నేనూ. ఇప్పుడేం చేస్తాం, పోయాడు" అన్నారు. మళ్లీ పేజీ వంక చూసి "పోయారు" అన్నారు. అలా అన్నందుకు ఆయనకే నవ్వొచ్చింది. ఆమోసు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆ తర్వాత అన్నారు: "సోమవారం నుంచి పైకొచ్చి సుబ్బరత్నం కుర్చీలో కూర్చో. మాస్టారు తన కళ్ల సంగతి కూడా దాచకుండా ఉత్తరం రాస్తే కాదనడానికి నేనేం రాయినా? కానీ ఒక్క షరతు. ఇకమీదట కాపీలో ఉన్నది ఉన్నట్టు ఉండాలి. పునీతుణ్ని చెయ్యాలన్నా, పాలేరుని దొరని చెయ్యాలన్నా ముందు రాసినాయన్ని అడుగు. అడక్కుండా ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు." అలాగేనండీ అన్నాను. ఇంటికెళ్లి చెప్తే మా ఇంటిది పిండి కలుపుతున్న చేతులతోనే గడప మీద కూర్చుండిపోయింది. మిమ్మల్నీ ఫరహత్ గారినీ ఒకసారి భోజనానికి తీసుకురమ్మని చెప్పమంది. ఆ రెండో కన్నుకి వచ్చినప్పుడు మా ఇంట్లోనే ఉండాలి.

కేసులు తీసుకుపోయేవాళ్లు శుక్రవారం వచ్చారు. తూకం వేసుకుని లారీకి ఎత్తుతుంటే, మీ కాగితం కోసం ఒక కేసు ఉంచమని యజమాని గారే చెప్పారు. కాబట్టి ఈ ప్రెస్సులో చేత్తో కూర్చిన ఆఖరి పని మీ తప్పొప్పుల కాగితం. నిన్న మధ్యాహ్నం కూర్చాను. మీరు రాసింది ఇదీ:

"ఈ పుస్తకంలో పునీత సీమోనువారు అని ఉన్నచోటల్లా సెం సిమో అని చదువుకోవాలి. ప్రూఫు చదవకుండా సంతకం పెట్టిన నాదే ఆ తప్పు. డెబ్బై నాలుగో పేజీలో దియార్‌ని ఆయన అన్నది నా రాతప్రతిలో లేదు. అది ఒప్పు. దాన్ని దిద్దినవారు కంపోజిటరు బాలశౌరి గారు."

చివరి వాక్యం దాకా చెయ్యి మామూలుగానే నడిచింది. ఏ గడిలో ఏ అక్షరం ఉందో చూసుకోవాల్సిన అవసరం మాకుండదు. నా పేరు దగ్గర ఆగిపోయింది. ఇరవయ్యారేళ్లలో ఎన్ని వేల పేర్లు పేర్చానో చెప్పలేను. పెళ్లికొడుకులవి, ఎలక్షన్లో నిలబడ్డవాళ్లవి, పోయినవాళ్లవి. నా పేరు ఎప్పుడూ పేర్చలేదు. మా పెళ్లికి కార్డులు వేయించలేదు, ఫలానావాళ్లకు పెళ్లని గుళ్లో ఫాదర్ గారు మా పేర్లు మూడు ఆదివారాలు చదివారు, అంతే. శౌ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. గడి అడుగున ఒక్కటే దొరికింది. వాడకం లేక కొత్తదానిలా ఉంది.

పేరు తర్వాత మీరు "గారు" అని రాశారు. నా పేరుకి నేనే గారు తగిలించుకోవడం ఏం బాగుంటుందని ఆ రెండక్షరాలూ స్టిక్కులోంచి తీసి చేతిలో పట్టుకున్నాను. ముందు రాసినాయన్ని అడగమన్నారు కదా యజమాని గారు. అడిగితే మీరేమంటారో నాకు తెలుసు. మళ్లీ పెట్టేశాను.

బాలశౌరి